వేదికకు వీపు పెట్టి కూర్చున్న శరణమ్మక్క

తాండూరు నాటకానికి ఇన్నేళ్ళుగా ఇంటిపెద్దగా నిలిచిన శ్రీమతి శరణమ్మ గారు లింగైక్యమయ్యారు. ఈ వాక్యం నా చేత్తోనే రాస్తున్నా నాకే నమ్మబుద్ధి కావడం లేదు. దౌల్తాబాద్ వారపు అంగట్లో కొత్త నాటకం తొలిసారి ఆడి వచ్చిన మర్నాడు, జొన్నరొట్టె తిని, చాయ్ తాగి, "జర నడుం వాలుస్త" అని పడుకున్న మనిషి ఇక లేవలేదని వాళ్ళ కోడలు ఫోన్ చేసింది. నేను ఆ పిల్లను గట్టిగా కసురుకున్నాను. శుభమా అని కొత్త నాటకం మొదలుపెట్టుకుంటే ఇవేం మాటలన్నాను. అవతల ఏడుపు వినిపించాక గానీ నా నోరు మూతపడలేదు.

ఇది సంస్మరణ వ్యాసం గనుక గంభీరంగా, గౌరవవాచకాలతో రాయమని సంచికవారు చెప్పారు. ప్రయత్నిస్తాను. కానీ 'గారు' అని పిలిస్తే ఆమె వెనుదిరిగి చూసేది కాదు. కన్నడం కలిసిన మా సరిహద్దు ఊళ్ళ అలవాటు ప్రకారం చిన్నాపెద్దా అందరికీ ఆమె అక్కే. నేనూ అక్క అనే రాస్తాను. సంచికవారు క్షమించాలి, క్షమించకపోయినా అంతే.

అక్క నాటకాలు టికెట్టు నాటకాలు. కళాసేవ అనే మాట వింటే ఆమెకు నవ్వొచ్చేది. సేవ చెయ్యాలనుకున్నవాళ్ళు గుడికి పోవాలనీ, టికెట్టు కొని వచ్చినవాడి పూట పాడుచేసే హక్కు ఎంత గొప్ప కళాకారుడికీ లేదనీ అనేది. మహానగరాల వ్యాపార నాటకరంగంలో ప్రారంభోత్సవానికి ముందు కొద్దిరోజులు కొత్త నాటకాన్ని పరీక్షార్థం జనం ముందు ఆడి, లోపాలు దిద్దుకునే సంప్రదాయం ఉందని నేను చాలాకాలం తరువాత చదివాను. అక్క ఏ గ్రంథమూ తిరగేయకుండానే ఆ సంప్రదాయాన్ని మా నేలకు తగినట్టు తానే నిర్మించుకుంది. దానికి ఆమె పెట్టిన పేరు కచ్చా ఆట. తాండూరు ఫంక్షన్ హాల్లో నిండు టికెట్టుతో నాటకం ప్రారంభం కావడానికి ముందు, చుట్టుపక్కల మూడు అంగళ్ళలో సగం టికెట్టుకు ఆడాలి. జనం ఎక్కడ కదిలితే అక్కడ దిద్దాలి. ఆ తరువాత తాండూరులో ఆడేదే పక్కా ఆట.

కచ్చా ఆట పగటిపూటే ఆడాలని ఆమె నియమం. అంగడికి వచ్చిన జనం బేరాలు ముగించుకొని, సంచులు పక్కన పెట్టుకొని, టార్పాలిన్ మీద కూర్చుంటారు. చెప్పులన్నీ టార్పాలిన్ అంచున వదులుతారు. వేదిక ముందు ఒక ఇనుప స్టూలు వేయించుకొని, అక్క వేదికకు వీపు పెట్టి, జనానికి మొహం పెట్టి కూర్చునేది. నాటకం మొదలైనప్పటి నుంచి తెరపడేదాకా ఒక్కసారి కూడా వేదిక మీది మా వైపు తిరిగేది కాదు. ఒక ఊళ్ళో ఎవరో పెద్దాయన, పాపం ముసలమ్మకు దిక్కు తెలియడం లేదనుకొని, లేచి వచ్చి స్టూలు తిప్పబోయాడు. అమ్మా, ఆట అటు దిక్కు అయితున్నదన్నాడు. "నా ఆట ఇటు దిక్కున్నది పెద్దయ్యా, నువ్వు పొయ్యి కూసో" అంది అక్క. ఆయన వెళ్ళి కూర్చున్నాడు గానీ, నాటకం కన్నా ఆమెనే ఎక్కువ చూశాడు.

ఈ చూపు ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్ళ నాన్నది తాండూరులో కందుల వ్యాపారం. బండ్ల మీద నుంచి సంచులు దిగగానే ఆయన మూతి దగ్గరి గింజలు చూసేవాడు కాదట. మోచేతిదాకా సంచిలోకి చెయ్యి దూర్చి, నడిమి నుంచి పిడికెడు తీసి అరచేతిలో పరిచేవాడట. సంచి మీద ఎవరైనా మంచి గింజలే పోస్తారని ఆయన మాట. అక్క అదే మాట ప్రేక్షకులకు వర్తింపజేసింది. ముందు వరుసలో కూర్చున్న సర్పంచునూ, సార్లనూ ఆమె లెక్కలోకి తీసుకునేది కాదు. వాళ్ళు మర్యాదకు నవ్వుతారు. నడిమిన కూర్చున్నవాళ్ళు, ముఖ్యంగా సంకలో బిడ్డతో కూర్చున్న ఆడవాళ్ళు ఎప్పుడు బిడ్డను సర్దుకుంటారో, ఎప్పుడు మరిచిపోతారో, అదే ఆమెకు ప్రమాణం.

ఈ నియమాలు ఆమెకు ఊరికే రాలేదు. ఒక పెద్ద దెబ్బ తిని నేర్చుకుంది. తొలి నాటకానికి కచ్చా ఆట అంటూ చుట్టాలనూ, అంగడి వీధి వ్యాపార కుటుంబాలనూ ఇంటింటికీ వెళ్ళి పిలిచిందట. బొట్టు పెట్టి పిలిచి, టికెట్టు లేకుండా కూర్చోబెట్టి, మిర్చీ బజ్జీలు పెట్టి, చాయ్ పోసి నాటకం చూపించింది. ఆమె మిర్చీలు తిన్న నోళ్ళు ఆమె నాటకాన్ని తప్పుపడతాయా? పెళ్ళికి వచ్చినట్టు వచ్చి, పెళ్ళిలో వంట మెచ్చుకున్నట్టే అందరూ మెచ్చుకున్నారు. అదే నాటకం హాల్లో మొదలైతే ఇంటర్వెల్‌కు లేచిన జనం మళ్ళీ లోపలికి రాలేదు. వారం రోజులు ఆమె ఇంట్లోంచి బయటికి రాలేదట. వచ్చాక చెప్పిన మొదటి మాట మా నాటక సమాజంలో ఈనాటికీ శాసనం: "ఊకె చూపెడితె ఊకెనే మెచ్చుకుంటరు." అప్పటి నుంచి కచ్చా ఆటకు చుట్టాలకు ప్రవేశం లేదు, సగమైనా టికెట్టు కొననివాళ్ళకూ లేదు. సొంత కోడలు కూడా పక్కా ఆటకే రావాలి.

నేను ఆమెకు దొరికింది కూడా కచ్చా ఆటలోనే. మాది కోట్‌పల్లి దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. డిగ్రీ పూర్తిచేసి, ఏం చెయ్యాలో తోచక తిరుగుతున్న రోజుల్లో, మా అమ్మతో అంగడికి వెళ్ళి నాటకం చూడ్డానికి కూర్చున్నాను. రెండో అంకంలో కథానాయిక మొగుడి శవం మీద పడి ఏడుస్తోంది. ఏడుస్తోంది, ఏడుస్తోంది, ఆపదు. నాకు చిర్రెత్తి లేచి వచ్చేశాను. చెప్పులు వేసుకునేలోపు అక్క స్టూలు మీద నుంచి లేచి నా వెంట వచ్చింది. తిడుతుందనుకున్నాను. "ఏడ ఇసుగొచ్చింది బిడ్డా?" అని అడిగింది. నాకూ నోరు పెద్దదే. గంతసేపు ఏడ్చేటోళ్ళు నిజంగా ఏడ్వరని చెప్పాను. మా నాయన పోయిన రోజు మా అమ్మ ఒక్కసారి అరిచి, తరువాత వచ్చినవాళ్ళకు చాపలు వెయ్యడంలో పడిందని కూడా చెప్పాను. తరువాతి అంగట్లో ఆ నాటకం మళ్ళీ చూశాను. కథానాయిక ఒక్కసారి అరిచి, లేచి చాప పరిచింది. టార్పాలిన్ మీద ఒక్క ప్రాణి కదలలేదు. ఆ సాయంత్రమే అక్క మా ఇంటికి వచ్చి, మీ పిల్లను నాకియ్యండని మా అమ్మను సంబంధం అడిగినట్టు అడిగింది.

కచ్చా ఆటలు మూడుకు మించరాదని కూడా ఆమె పట్టు. ఒక నాటకం మరీ కుదరక, ఇంకో రెండు అంగళ్ళు ఆడదామని మేమంతా బతిమాలాం. ఒప్పుకోలేదు. మూడు దాటితే నటులు కథను మరిచి చప్పట్లకు మరుగుతారనీ, అప్పుడు జనం మనకు చెప్పేది ఆగిపోయి మనం జనానికి వేషాలు వేయడం మొదలవుతుందనీ చెప్పింది. మూడంగళ్ళలో నేర్వనివాడు ముప్ఫై అంగళ్ళలోనూ నేర్వడని తీర్పిచ్చింది. ఆ మూడింటిలో ఒక్కదానిలోనైనా తెలుగు రాని, కన్నడం మాత్రమే వచ్చిన ఆడమనిషి ఎవరో నడిమిన కూర్చునేటట్టు చూసుకునేది. ఆమెకు అర్థమైతే ఇక తాండూరుకు బండి కట్టవచ్చు. ఒకసారి అట్లాంటి అవ్వ నాటకమంతా హాయిగా నిద్రపోయింది. మేం నవ్వుకున్నాం. అక్క మాత్రం నవ్వలేదు. రెండో అంకం సాంతం మార్పించింది. తీరా కనుక్కుంటే ఆ అవ్వకు ముందురోజు రాత్రంతా జ్వరమట. అయినా రెండో అంకం బాగుపడ్డ మాట నిజం.

ఇక ఆమె చివరి నాటకం. దాని పేరు 'బాయి పంపకం'. రాసింది మాణిక్‌రావు సార్. అందులో పెద్దన్న వేషమూ ఆయనదే. తండ్రి పోయాక ఇద్దరు అన్నదమ్ములు పొలం పంచుకుంటారు. పంచడానికి వీలుకాని బావిని మాత్రం రోజుకొకరని వంతులు పెట్టుకుంటారు. చివరి రంగంలో మాత్రమే చెల్లెలు వస్తుంది. ఆ వేషం నాది. మిట్టమధ్యాహ్నం ఎండన పడి పుట్టింటికి వచ్చి, చెంబు అందుకొని, అన్నలను నీళ్ళు అడుగుతుంది. ఆనాటి వంతు ఎవరిదన్న తగువు తెగక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడు చెల్లెలు రక్తసంబంధం గురించి ఒక సుదీర్ఘ ప్రసంగం చేస్తుంది. అన్నలు కంటతడి పెట్టి కౌగిలించుకుంటారు. ఆ ప్రసంగం మాణిక్‌రావు సార్ రచనలోనే తలమానికం. నేను దాన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. దౌల్తాబాద్ అంగట్లో దానికి చప్పట్లు మోగిపోయాయి.

సామాను సర్దుకొని ఆటోలో అక్కతో కలిసి తాండూరు బయల్దేరాను. నేనే ఉండబట్టలేక ఎట్లా ఉందని అడిగాను. "బిడ్డా, చేతులు చప్పట్లు కొడుతున్నయి, కండ్లు చెప్పులు దేవులాడుతున్నయి," అంది. నాకు ఒళ్ళు మండింది. అంతమంది చప్పట్లు కొడితే ఆమెకు వాళ్ళు చెప్పులు వెతకడమే కనిపించిందా అని అడిగేశాను. చివరి రంగం అబద్ధమాడుతోందని ఆమె అంది. మరి ఎట్లా ఉండాలో చెప్పు, అట్లాగే చేస్తానన్నాను. "నాకేం ఎర్క? ఇంక రెండంగళ్ళున్నయి. అడుగు, వాళ్ళే చెప్తరు." దారిపొడుగునా మొండికేసిన నన్ను ఇంకో నాలుగు తిట్లు తిట్టి, తన ఇంటి ముందు దిగిపోయింది. నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాటలు ఇవే.

ఆమెను సమాధి చేసి వచ్చిన మూడోనాడు హాలు సేటు మమ్మల్ని పిలిపించాడు. ప్రారంభం తేదీని మైకు ఆటో అప్పటికే ఊరంతా చాటుతోంది. మిగిలిన రెండు కచ్చా ఆటలు మానేసి, చెప్పిన తేదీకే తాండూరులో మొదలుపెట్టమని ఆయన సలహా. వేదిక మీద అక్క ఫోటో పెట్టి, దండ వేసి, దీపం వెలిగిస్తే హాలు కిటకిటలాడుతుందన్నాడు. "సూడు పద్మా, అమ్మ పోయింది. ఈ వారం జనం ఊకెనే వస్తరు. వచ్చే వారం మర్చిపోతరు." ఆయన చెడ్డవాడు కాదు. జనాన్ని ఆయనకు తెలిసినట్టు తెలుసుకున్నాడు. మాణిక్‌రావు సార్ కూడా తలూపాడు. ప్రసంగానికి చప్పట్లు వచ్చాయి గదా, ఇంకా ఏం దిద్దాలని ఆయన బాధ. ఆ బాధ నాకు తెలియనిది కాదు. ఆ చప్పట్లు నావి కూడా.

కానీ నాకు మిర్చీలు జ్ఞాపకం వచ్చాయి. జాలితో వచ్చేవాళ్ళూ బొట్టు పెట్టి పిలిచిన చుట్టాలే గదా! అక్క చావును మిర్చీల్లాగా పంచిపెట్టి, ఆమె తప్పు పట్టిన రంగాన్నే ఆమె ఫోటో ముందు ఆడితే అది శ్రద్ధాంజలి ఎట్లా అవుతుంది? "గందుకే ఈ వారం ఆడం సేటూ. మర్చిపోయినంకనే ఆడుతం. అప్పుడు వచ్చినోళ్ళే మా ఆటకు వచ్చినోళ్ళు." ఈ మాట అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెళ్ళిళ్ళ కాలం వస్తోంది, మళ్ళీ తేదీ దొరకదని సేటు హెచ్చరించాడు. దొరకకపోతే బండలు పాలిష్ పట్టే షెడ్డులోనైనా ఆడతామన్నాను. ఆయన చాలాసేపు క్యాలెండర్ తిరగేసి, చివరికి ఒక మంగళవారం ఇచ్చాడు. తాండూరు వ్యాపారస్తులు మంగళవారం నాడు తక్కెడకు కొత్త తాడు కూడా కట్టరు. నేను ఆ మంగళవారాన్నే కళ్ళకద్దుకొని తీసుకున్నాను.

కోట్‌పల్లి అంగట్లో నా వేషం లతకు ఇచ్చాను. లత మొదటి అంకంలో వదిన వేషం వేస్తుంది; చివరి రంగంలో ఆమెకు పని లేదు, నా ప్రసంగం నాకెంత వచ్చో ఆమెకూ అంతే వచ్చు. నేను ఇనుప స్టూలు వేసుకొని, వేదికకు వీపు పెట్టి కూర్చున్నాను. ఆ చోటు నుంచి లోకం ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. నాటకం వినబడుతుంది, కనబడదు. కనబడేవన్నీ మొహాలే. నా ఊరి మొహాలే. అయినా అన్ని కళ్ళు ఒకేసారి నా తల మీదుగా చూస్తుంటే స్టూలు అంచును రెండు చేతులా పట్టుకున్నాను. ఇన్నేళ్ళు అక్క ఈ చూపుల ముందు ఎట్లా స్థిరంగా కూర్చుందో!

చివరి రంగం వచ్చింది. నా వెనుక లత గొంతు అన్నలను నీళ్ళు అడిగింది. అన్నలు పలకలేదు. ఆ నిశ్శబ్దంలో నడిమి వరుసల ఆడవాళ్ళంతా ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. ఒక చంటిదాని తల్లి బిడ్డ నోట్లోంచి పాలు జారిపోతున్నా గమనించలేదు. తల మీద కొంగు కప్పుకున్న ముసలామె ఒకతె ఎవరినీ చూడకుండా, తనలో తాను అనుకున్నట్టు, అయినా అందరికీ వినబడేటట్టు అంది: "గా పిల్లకు జరన్ని నీళ్ళు పొయ్యుండ్రిరా!" సరిగ్గా అప్పుడే లత ప్రసంగం అందుకుంది. నేను నిద్రలో లేపి అడిగినా చెప్పగల ప్రసంగం. మొదటి రెండు వాక్యాలకే ముసలామె భుజాలు జారాయి. తల్లి బిడ్డ మూతి తుడిచింది. ఒక్కొక్కరి కళ్ళూ టార్పాలిన్ అంచు వైపు, చెప్పుల వైపు మళ్ళాయి. చేతులు మాత్రం చప్పట్లు కొట్టాయి, దౌల్తాబాద్‌లో కొట్టినంత గట్టిగానే. నాకు అక్క మీద కోపమంతా ఆ క్షణంలో ఏడుపుగా మారింది. జనానికి మొహం పెట్టి కూర్చున్నాను గనుక ఏడుపు దాచుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

ముసలామె చెప్పేసింది. నీళ్ళు పొయ్యలేదు, అంతే నాటకం. ఆపైన మాట అనవసరం. మాణిక్‌రావు సార్‌కు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయనను తప్పుపట్టను, తలమానికాన్ని తెంచి ఇమ్మంటే ఎవరికైనా నొప్పే. మూడోనాడు వికారాబాద్ బస్సులో నా పక్కన వచ్చి కూర్చొని, ప్రసంగం తీసేస్తే తన పాత్ర చేతులు ఎక్కడ పెట్టుకోవాలని మాత్రం అడిగాడు. చేదతాడు మీద పెట్టమన్నాను. తోడాలో వద్దో తేలక, తాడు మీదే ఉండిపోవాలన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "అక్క ఉంటె గిదే అంటుండె," అన్నాడు.

వికారాబాద్‌లో స్టూలు మీద లతను కూర్చోబెట్టి నేను వేషం కట్టాను. ఎండన పడి వచ్చాను. నీళ్ళు అడిగాను. పెద్దన్న చెయ్యి తాడు మీద ఆగింది, చిన్నన్న నేల చూశాడు. నేను ఎదురుచూశాను. ఒక నటికి మాట లేకుండా నిలబడడం ఎంత కష్టమో చెప్పలేను. ప్రసంగమంతా నాలుక చివర మెదులుతూనే ఉంది. చెంబును బావి గట్టు మీద బోర్లించి, వచ్చిన దారినే వెళ్ళిపోయాను. తెర పడింది. చప్పట్లు రాలేదు.

రేపు మంగళవారం. తాండూరులో పక్కా ఆట. పక్కా ఆట నాడు అక్క హాల్లోకి అడుగుపెట్టేది కాదు. బయట చాయ్ బండి దగ్గర నిలబడేది. ఆనాటి నుంచి ఆట జనానిదని, ఇక మనం చూడ్డానికి ఏమీ లేదని అనేది. అందుకే రేపు వేదిక మీద ఫోటో ఉండదు, దండ ఉండదు, దీపం ఉండదు. ఇనుప స్టూలు సామాను గదిలో ఉంటుంది; వచ్చే నాటకం కచ్చా ఆటకు మళ్ళీ తీస్తాం. మూడంగళ్ళే ఆడతాం, పగటిపూటే ఆడతాం, ఒక్క చుట్టాన్ని కూడా రానివ్వం.

అంతమాత్రాన ఆమె లోటు తీరుతుందని నేను బుకాయించను. కోట్‌పల్లిలో నాకు ఒక్క ముసలామె కనిపించింది. అక్కకు ఆ టార్పాలిన్ మీది వాళ్ళందరూ కనిపించేవాళ్ళు. తాండూరు, వికారాబాద్, దౌల్తాబాద్, కోట్‌పల్లి అంగళ్ళలో ఏ మొహం ఎప్పుడు వెలుగుతుందో, ఎప్పుడు ఆరుతుందో తెలిసిన ఆ రెండు కళ్ళు మట్టిలో కలిసిపోయాయి. అటువంటి ప్రేక్షకురాలు ఇక ఏ నాటకానికీ దొరకదు. నటుల్ని తయారుచేయవచ్చు, జనాన్ని అంతగా ప్రేమించి చూసే మనిషిని ఎవరు తయారుచేస్తారు? ఆ మహనీయురాలి పాదాలకు మా సమాజమంతటి పక్షాన శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

అక్కా, వికారాబాద్‌లో తెర పడినంక సందులోంచి చూసిన. అందరు కూసున్నకాడనే కూసున్నరు. చెప్పుల దిక్కు ఎవలు సూడలే.